అత్తగారి తీగ, అల్లుడి వేడిగాలి

ఏసీ మెకానిక్‌కి లోకం రెండే ముక్కలు. ఒకటి లోపల, రెండోది బయట. లోపల అంటే చల్లగా ఉండాల్సిన చోటు. బయట అంటే లోపలి వేడిని తీసుకెళ్ళి పారబోసే చోటు. అంతకుమించి బయటతో ఆయనకు పనిలేదు. చెప్పులు కుట్టేవాడు మనిషిని కాళ్ళ దగ్గర్నుంచి చూడటం మొదలుపెట్టినట్టు, ఈయన ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ చూసేవాడు, ఎక్కడ కన్నం పెడితే వేడి సుఖంగా బయటికి పోతుందా అని.

పని మాత్రం నిక్కచ్చి. ఆయన బిగించిన యూనిట్ ఊగదు, మోగదు, కారదు. అందుకే వీధి వీధంతా ఆయన్నే పిలిచేది. పెద్దవాళ్ళకు ఆయన మెకానిక్, పిల్లలకు ఏసీ మామయ్య. అసలు పేరు ఎవరైనా అడిగితే ఆయనే ఒక్క క్షణం ఆలోచించుకునేవాడు.

కాపురం ఒక పాత భవనంలో, నాలుగో అంతస్తు. భార్య మందుల షాపులో పనిచేస్తుంది. కూతురు నిద్రలో తప్ప నోరు మూయదు కాబట్టి అందరూ వసపిట్ట అంటారు. ఇంకొకరు అత్తగారు. మామగారు పోయాక పెద్దకూతురి దగ్గరికి వచ్చేసిన మనిషి. అత్తా అల్లుళ్ళకు రోజూ ఏదో ఒక కీచులాట లేకపోతే తోచదు.

"నీ చేతికి చిక్కితే ఎండని కూడా డబ్బాలో పెట్టి మరలు బిగిస్తావు బాబూ," అనేది ఆవిడ.

"డబ్బాలో ఎందుకు పెడతాను అత్తయ్యా, వెనక సందులోకి తోలేస్తాను," అనేవాడు ఈయన.

పైకి ఇలా ఉండేది గానీ, లోపల సంగతి వేరు. మెకానిక్‌కి ఊహ తెలిసే నాటికే తల్లి లేదు. పెదనాన్న వర్క్‌షాపులో, ముందొచ్చినవాడికే ముద్ద అన్నట్టుండే మగవాళ్ళ మధ్య పెరిగాడు. "కడుపు నిండిందా, ఇంకాస్త పెట్టనా" అని ఆయన్ని అడిగిన మొదటి మనిషి అత్తగారే. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఆ మాట అడిగితే గొంతు పట్టేసి, మంచినీళ్ళ నెపంతో లేచి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అత్తగారు వచ్చేటప్పుడు తెచ్చుకున్న సామానులో తడిగుడ్డ చుట్టిన జానెడు కొమ్మ ఒకటి ఉంది. వెనకటి ఇంట్లో మామగారు చేతులారా నాటిన తీగది. దాన్ని భవనం వెనక, పడమటి గోడకీ ప్రహరీకీ మధ్య ఉన్న ఇరుకు సందులో పాతింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. అది మాత్రం చెప్పాపెట్టకుండా ఒక్కో కిటికీ దాటుకుంటూ గోడంతా అల్లుకుని డాబా మీదికి వచ్చేసింది. అల్లుడే పాత పైపులు కోసి డాబా మీద దానికి పందిరి వేసిచ్చాడు. ఊదారంగు పూలు, వాటి చుట్టూ తేనెటీగలు, వేలెడంత పిట్ట ఒకటి. మధ్యాహ్నమయితే అత్తగారు ఆ పందిరి కింద కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలిచేది. భవనంలో ఊసుపోని వాళ్ళంతా అక్కడికే చేరేవాళ్ళు. మామగారి సంగతులు ఆవిడ ఎక్కువ చెప్పేది కాదు. పూత బాగా వచ్చిన రోజుల్లో మాత్రం, "చూశావా, ఈయనకి సంతోషం ఎక్కువైంది," అని తనలో తను నవ్వుకునేది.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చి మీద పడ్డాయి. భవనంలో ఏసీ లేని ఇల్లు లేకుండా పోయింది. అన్నీ మన మెకానిక్ చేతి చలవే. అవుట్‌డోర్ యూనిట్లన్నీ వీధి వైపు బాల్కనీల పక్కన ఉండేవి. వాటి వేడిగాలి గేటు దగ్గర నిలబడ్డవాళ్ళ మొహానికి కొట్టేది. రెండో అంతస్తు హెడ్మాస్టరుగారికి రిటైరయినా గొంతు మాత్రం రిటైర్ కాలేదు. ఒకరోజు గేటు దగ్గరే నిలబడి కేకేశారు.

"ఏమయ్యా మెకానిక్! గేటు తీద్దామంటే మొహానికి ఇస్త్రీ చేసి పంపిస్తున్నావు. ఇదేమన్నా బాగుందా?"

మెకానిక్‌కి మాట పడటం ఇష్టం లేదు. చుట్టూ చూశాడు. వెనక పడమటి గోడ, కింద ఇరుకు సందు, నరమానవుడు తిరగని చోటు. బుర్ర పాదరసంలా పనిచేసింది. యూనిట్లన్నీ ఊడదీసి వెనక గోడకు ఒకదాని కింద ఒకటి బిగించాడు. తీగని ఒక్క చోట కూడా కొయ్యలేదు సుమా! కొమ్మల్ని జాగ్రత్తగా పక్కకు జరిపి, తాడుతో కట్టి మరీ బిగించాడు. ఎవరికీ తగలదు, ఎవరూ తిట్టరు. హెడ్మాస్టరుగారు భుజం తట్టి టీ ఇప్పించారు. ఆ రోజు ఆయన నడకే వేరు.

తర్వాత తీగ ఆకులు అంచుల్లో ముడుచుకోవడం మొదలైంది. ముందు కింద, తర్వాత మధ్యలో, చివరికి పందిరి మీద కూడా. అత్తగారు బకెట్లు బకెట్లు మోసి పోసింది. "నీళ్ళు ఎక్కువయ్యాయేమో అత్తయ్యా," అని సలహా కూడా ఇచ్చాడు మహానుభావుడు. పిట్ట రావడం మానేసింది. డాబా మీద పోగయ్యే ఆడవాళ్ళు నీడ లేక ఎవరింటికి వాళ్ళు పోయి తలుపులేసుకుని ఏసీలు పెట్టుకున్నారు. ఆఖరికి తీగ మొత్తం గోడకు అంటుకున్న ఎండుపుల్లల్లా మిగిలింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ సందులోకి దిగి, నడుస్తున్న యూనిట్ ముందు అరచెయ్యి పెట్టి చూసింది. వెంటనే వెనక్కి తీసుకుంది. సాయంత్రం అల్లుడు ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదు. కోపం వస్తే ఆవిడ అరిచే రకం కాదు. నిన్నటిదాకా ఉన్న 'బాబు' పోయి 'అల్లుడుగారు' వస్తాడు. ఆ మర్యాద ఎంత భయంకరమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

"ఆ పెట్టెల గాలి ఎక్కడికి పోతుందనుకున్నారు అల్లుడుగారూ?"

"బయటికి అత్తయ్యా."

"బయట ఎవరూ ఉండరా?"

మెకానిక్ కిటికీ దగ్గరికెళ్ళి కింది సందులోకి వంగి చూశాడు.

మర్నాడు ఆవిడ మంచం కింద నుంచి సంచీ బయటికి తీసింది. వసపిట్ట పరీక్షలు అయిపోగానే చిన్నకూతురి దగ్గరికి వెళ్ళిపోతానంది. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగితే, "చూద్దాం," అంది. ఆ మాటకి ఇప్పట్లో రాననే అర్థమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వసపిట్ట మొదటిసారిగా ఏమీ మాట్లాడకుండా పడుకుంది.

"వెళ్ళొద్దని ఒక్క మాట అడగొచ్చుగా," అంది భార్య.

"ఏ మొహం పెట్టుకుని అడగను? మీ నాన్నగారి తీగ అది. నేనే చంపాను."

"నువ్వేమీ కావాలని చెయ్యలేదు."

"కావాలని చేసుంటే కాళ్ళు పట్టుకునేవాణ్ణి. గాలి దాని మీద పడుతుందని కనీసం చూడలేదు. దానికి ఏమని క్షమాపణ అడగాలి?"

ఆ వారమే ఇంకో గోల మొదలైంది. భవనంలో అందరూ ఒకటే పాట, ఏసీ చల్లబడట్లేదు అని. మెకానిక్ ఫిల్టర్లు కడిగాడు. గ్యాస్ చూశాడు. కంప్రెసర్లకు చెవి ఆనించి విన్నాడు. దేనికీ ఏ రోగమూ లేదు. తన పనికి వంక రావడం ఆయనకు కొత్త, అది తిండి కూడా సహించనివ్వలేదు. చివరికి హెడ్మాస్టరుగారి పడగ్గదిలో స్టూలు దిగుతూ, పట్టు తప్పి పడమటి గోడ మీద చెయ్యి ఆనించాడు. గోడ పొయ్యి మీది పెనంలా ఉంది. 

రెండో చెయ్యి కూడా ఆనించి చూశాడు. నిరుడు ఇదే గదిలో, ఇదే గోడకు మేకు కొట్టాడు. అప్పుడు చల్లగా ఉంది. కిటికీ తెరిచి బయటికి చూశాడు. బోడిగోడ, ఎండుపుల్లలు, తన యూనిట్లు, నేరుగా పడుతున్న ఎండ. ఆ గోడకి ఇన్నేళ్ళూ గొడుగు పట్టింది ఎవరో అప్పుడు అర్థమైంది. చప్పుడు లేదు, కరెంటు లేదు, మరమ్మతు లేదు, తను వృత్తిగా చేసే పనిని ఆ తీగ ఊరికే చేసి పెడుతూ ఉంది. తోటి పనివాణ్ణి తన చేతులతో తనే పడగొట్టానని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమయ్యా, గోడతో మాట్లాడుతున్నావా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"తప్పు నాదేనండీ. యూనిట్లన్నీ తీసేసి మెట్లగది పైకప్పు మీద పెడతాను. గాలి ఆకాశంలోకి పోతుంది. పని అయ్యేదాకా ఎవరికీ ఏసీ ఉండదు."

"ఈ ఎండల్లోనా? మమ్మల్ని వేపుడు చేద్దామనా?"

అందరూ మెట్ల మీద గుమిగూడారు. గొడవ గొడవగా మాట్లాడారు. ఆఖరికి హెడ్మాస్టరుగారే, "వీధిలోంచి తియ్యమని అరిచింది నేనే కదా, నాకూ పాపంలో వాటా ఉంది, కానివ్వండి," అన్నారు. పెద్దాయన తగ్గాక మిగతావాళ్ళు గొణుక్కుంటూ ఒప్పుకున్నారు.

మెకానిక్ బయటి పనులన్నీ ఆపేసి దీని మీదే పడ్డాడు. నడుముకు తాడు కట్టుకుని గోడకు వేలాడుతూ యూనిట్లు విప్పాడు. రాగి పైపులు పైకి లాగాడు. ఏసీలు లేని ఆ సాయంత్రాలు ఇళ్ళల్లో ఉండలేక జనం చాపలు పట్టుకుని డాబా ఎక్కారు. మొదట సెల్‌ఫోన్లు చూసుకున్నారు. గాలి వచ్చింది. ఒకరు ఫోను పక్కన పెట్టి వెల్లకిలా పడుకున్నారు. ఎవరింట్లో ఎవరుంటున్నారో తెలియనివాళ్ళు పేర్లు అడిగి తెలుసుకున్నారు. పొద్దు వాలేవేళ గుంపుగా ఎగిరి వెళ్ళే కొంగల్ని చూసి హెడ్మాస్టరుగారు, "ఇవి రోజూ వెళ్తాయా?" అని అడిగారు. "మీరు పుట్టకముందు నుంచీ," అంది అత్తగారు. అందరూ నవ్వారు. అల్లుడి వైపు మాత్రం ఆవిడ తిరగలేదు.

పని అయ్యాక మెకానిక్ ఇంకొకటి చేశాడు. గదుల్లోని ఏసీల నుంచి బొట్టుబొట్టుగా కారే నీళ్ళు అప్పటిదాకా మురుగు కాలవలోకి పోయేవి. ఆ పైపులన్నిటినీ ఒకదానికొకటి కలిపి, చివరి మూతిని సందులో ఎండిన మొదలు దగ్గర పెట్టాడు. ఎండినదానికి నీళ్ళెందుకని ఎవరూ అడగలేదు.

వసపిట్ట పరీక్షలు అయిపోయాయి. బయల్దేరే రోజు పొద్దున మెకానిక్ సంచీ అందుకోబోతే, "నేను తెచ్చుకోగలను," అని అత్తగారే చేతికి తగిలించుకుంది. భార్య కళ్ళు తుడుచుకుంటూ ఆటో కోసం వీధిలోకి వెళ్ళింది. కిందికి దిగాక ఆవిడ గేటు వైపు పోకుండా, సంచీతోనే వెనక సందులోకి తిరిగింది. ఆయన వెనకే వెళ్ళాడు.

మొదలు దగ్గర మట్టి తడిగా ఉంది. పైపు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఆ పక్కన ఏసీ వచ్చిన అట్టపెట్టె ముక్క ఒకటి పడమటి ఎండ తగలకుండా పుల్లలకు కట్టి ఉంది. ఆవిడ వంగి అట్ట వెనక చూసింది. ఎండిన మొదలు పక్క నుంచి మట్టిని చీల్చుకుని, అగ్గిపుల్లంత మొలక. రెండే ఆకులు. 

ఆవిడ సంచీ కింద పెట్టి, ఒక ఆకుని వేలి కొసతో తాకింది.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"మొన్నే చూశాను అత్తయ్యా."

"మరి చెప్పలేదేం?"

"నిలబడుతుందో లేదో తెలీక. మళ్ళీ పోతే మీరు రెండోసారి ఏడవాలి. అది నేను చూడలేను." గొంతు పట్టేసింది. అక్కడ మంచినీళ్ళ నెపం కూడా లేదు. "వెళ్ళొద్దు అత్తయ్యా. ఇది బతికినా, బతక్కపోయినా వెళ్ళొద్దు. నాకు అమ్మ తెలీదు. మీరే."

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. పైటతో కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మొలకనే చూసింది.

"అట్ట ఇంకాస్త ఇటు జరుపు. కాస్త వెలుతురైనా తగలాలి దానికి. అన్నీ తెలిసినట్టే చేస్తావు బాబూ."

ఆయన అట్ట జరిపాడు. ముడి సరిగ్గా పడలేదు. మరలు బిగించడంలో పేరున్న మనిషి, ఒక తాడు ముడి రెండుసార్లు వేశాడు.

గేటు దగ్గర ఆటో వచ్చి ఆగింది. వసపిట్ట పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళిపోమను ఆటోని," అంది ఆవిడ. "ఈ సంచీ నువ్వు పైకి పట్టుకురా బాబూ. మళ్ళీ నాలుగంతస్తులు నేను మొయ్యలేను."

అమ్మమ్మా మనవరాలూ ముందు ఎక్కుతుంటే మెకానిక్ సంచీ ఎత్తాడు. రోజూ కంప్రెసర్లు భుజాన మోసే చెయ్యి అది, ఏది ఎంత బరువో పట్టుకోగానే చెప్పేస్తుంది. సంచీలో ఒక జత బట్టలూ ఒక తువ్వాలూ ఉన్నాయేమో, అంతే. ఏళ్ళ తరబడి వెళ్ళిపోయే మనిషి సంచీ కాదది. 

ఆయన పైకి చూశాడు. మెట్ల మలుపులో అత్తగారు ఆగి వెనక్కి చూస్తోంది.

"ఏంటి బాబూ, బరువుగా ఉందా?"

"చాలా బరువుగా ఉంది అత్తయ్యా," అన్నాడాయన.