గ్లెనిస్ ముక్కు

మా పబ్బు పేరు ‘కుంటి గొర్రె’. ఒకే గది, ఒక పొయ్యి, కిటికీ వారగా నాలుగు బల్లలు. వేల్స్ సరిహద్దు కొండల్లో ఉన్న మా ఊరికి అంతకంటే పెద్దది అక్కర్లేదు. దాన్ని నడిపేది గ్లెనిస్ ప్రాసర్. భర్త పోయాక పెద్ద కంపెనీవాళ్లు కొంటామని వస్తే, టీ ఇచ్చి పంపేసింది. పక్క లోయలో తయారయ్యే బీరునే పీపాల్లో తెప్పించి, నేలమాళిగలో తేరనిచ్చి, పంపు పిడి లాగి గ్లాసుల్లో పోస్తుంది. పీపాలో బీరు ప్రాణమున్న సరుకు. కుళాయి బిగించాక మూడు నాలుగు రోజులకు మించి నిలవదు, పులిసిపోతుంది. ఆ సంగతి గ్లెనిస్‌కు ఆమె ముక్కే చెప్పేది. మెట్లు దిగుతూనే, మూలనున్న పీపా రేపటికి పనికిరాదని అనేసేది.

ఆ చలికాలం ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. కాఫీ, సబ్బు, పొగ, ఏదీ తెలియడం లేదు; నాలుకకు రుచీ సరిగా అందడం లేదు. తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. గ్లెనిస్ ఎవరికీ చెప్పలేదు. అలవాటు మీద అంచనా వేసుకుంటూ పీపాలు మార్చసాగింది.

జనవరిలో మంచు పడి జనం పలచబడ్డారు. ఒక పీపా సగం కూడా ఖాళీ కాకుండానే పులిసిపోయింది. ఉత్తరాలు పంచే బెరిల్ ఒక్క గుక్క తాగి, కడుపు బాగాలేదని చెప్పి నిమ్మరసం అడిగింది. గొర్రెలు పెంచే మెర్విన్ గాఫ్ మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గ్లాసంతా తాగాడు. ఎలా ఉందని గ్లెనిస్ అడిగితే తాగొచ్చన్నాడు. అతని నోట అంతకు మించిన పొగడ్త ఎన్నడూ రాలేదు కనుక ఆమెకు అనుమానం కలగలేదు. మా ఊళ్లో మనిషి మొహాన నిజం చెప్పడం కంటే వెనిగర్ తాగడం తేలిక.

శనివారం మధ్యాహ్నం కొండలు ఎక్కడానికి వచ్చిన ఒకావిడ తడిసిన బూట్లతో లోపలికి వచ్చి, బీరు తీసుకుని, ఒక్క గుక్క తాగి, గ్లాసును మెల్లగా తిరిగి తెచ్చింది.

“ఏమీ అనుకోకండి, ఇది పులిసిపోయింది. మీరే ఒకసారి వాసన చూడండి.”

గ్లెనిస్ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది.

“నాకు తెలియడం లేదండీ,” అంది చివరికి. “జ్వరమొచ్చిన కాణ్నించీ నాకేం తెలియడం లేదు.”

తర్వాత పొయ్యి దగ్గర కూచున్న మెర్విన్ వైపు తిరిగింది. “నువ్వు నిన్న కూడా ఇదే తాగావు కదా?”

“తాగా.”

“చెప్పవేం మరి?”

“నీకు తెలుసనుకున్నా. పారబొయ్యలేక మా మొహాన కొడుతున్నావనుకున్నా.”

గ్లెనిస్ ఆ పీపానంతా తూములో పారబోసి, ముక్కు లేనిదాన్ని నమ్మి ఎవరూ తాగనక్కర్లేదని చెప్పి, తలుపుకు గడియ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే మెర్విన్ వచ్చి నేలమాళిగ తలుపు కొట్టాడు. క్షమించమని అడిగే మనిషి కాదు.

“కిందికి పద. ముక్కొక్కటే కదా పోయింది, నాది వాడుకో.”

“నీకు ‘తాగొచ్చు’ తప్ప ఇంకో మాట రాదు. దాన్నేం చేసుకోను నేను?”

“నేర్చుకుంటాలే.”

ఆ రోజు నుంచీ పబ్బు తెరవడానికి ముందు ఇద్దరూ కిందికి దిగేవారు. అతను ప్రతి పీపా నుంచీ కాస్త పట్టి, వాసన చూసి, చప్పరించి చెప్పాలి. మొదట్లో మాటల కోసం వెతుక్కుంటూ చెమటలు కక్కాడు. రానురాను ఒకటి ఎండుగడ్డిలా ఉందనీ, ఇంకొకటి మాడిన రొట్టె అంచులా ఉందనీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాట పట్టుకుని గ్లెనిస్ ఏ పీపాను ఇంకో రోజు ఆపాలో, దేన్ని ముందు అమ్మాలో తేల్చుకునేది. పైన మేము తాగే బీరు మళ్లీ పాత బీరే అయింది. మెర్విన్‌కు ముసలితనంలో కవిత్వం పట్టుకుందని బెరిల్ ఊరంతా చాటింది. అతను విననట్టే ఉన్నాడు.

ఏప్రిల్లో గొర్రెలు ఈనుతున్నాయి. ఒక ఉదయం అతను కొట్టంలోంచి తిన్నగా వచ్చి పీపా మీదికి వంగాడు. గ్లెనిస్ వెనక్కి జరిగింది.

“నీ కోటుకేమైంది?”

“ఏమైంది?”

“గొర్రె కంపు కొడుతోంది.”

మెర్విన్ చెయ్యెత్తి తన మోచెయ్యి వాసన చూసుకున్నాడు. “వారం నుంచీ అంతే,” అన్నాడు.

అప్పటికి ఇద్దరికీ అర్థమైంది. గ్లెనిస్ మెట్టు మీద కూలబడి ఆ కోటు విప్పి ఇమ్మంది. మొహానికి అదుముకుని, ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చి, ఏడ్చేసింది. తేరుకున్నాక కుళాయి కింద గ్లాసు పట్టి చూసింది. బీరు వాసన ఇంకా రాలేదు. పరవాలేదు, గొర్రె ముందొచ్చింది, మిగతావి వెనకాల అవే వస్తాయన్నాడు మెర్విన్. రేపు కూడా పొద్దున్నే రమ్మని ఆమె చెప్పింది.

మధ్యాహ్నం మేము వెళ్లేసరికి ఆ కోటు పొయ్యి పక్కన వేలాడుతోంది. సెగకు కంపు గదంతా నిండింది. బెరిల్ ముక్కు మూసుకుని కిటికీ తెరవబోయింది.

“తియ్యకే,” అంది గ్లెనిస్, గ్లాసులు తుడుస్తూ. “కాసేపు ఉండనీ.”