అమ్మ ‘ఊఁ’కి అర్థమేమిటి?

యంత్రానికి మనిషంత తెలివి ఎప్పటికైనా వస్తుందా, రాదా అన్న చర్చాపోటీకి మాస్టారు నన్ను ఎంపిక చేశారు. పోటీ పక్క ఊళ్లో. వెళ్లాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. అమ్మ ఒప్పుకోవాలి కదా!

అమ్మ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని గౌను కుడుతోంది. తలుపు చాటు నుంచే విషయం గొణిగాను.

“ఊఁ” అంది అమ్మ.

అక్కడే కూర్చున్న, కంప్యూటర్లు బాగుచేసే బాబాయి గబుక్కున ఫోను తీసి, “వాళ్లమ్మ ఊఁకి అర్థమేమిటో ఈ పిల్లకి చెప్పు” అని దాన్ని అడిగాడు. “వదినా, ఇంకోసారి అను” అని నా వైపు తిరిగాడు. “రెండేళ్లలో ఇది మనిషైపోతుంది, కావాలంటే చూడవే పిచ్చిమొద్దూ!”

“ఊఁ!”

“మీ అమ్మగారు అంగీకరించారు” అంది ఫోను.

“కాదు బాబాయ్, అది ‘నోర్మూసుకుని పో’ అనే ఊఁ. పదిహేనేళ్లుగా వింటున్నాను.”

“ఇది లక్షల ఊఁలు విందే!”

అమ్మ విసుగ్గా సూదులు తీసింది. “ఆ కత్తెర అందించండర్రా అని మొత్తుకుంటుంటే, ఏమిటీ గోల?”

బాబాయి మొహం చూసి నేను పడీపడీ నవ్వాను. అమ్మకీ నవ్వొచ్చింది. “ఇంతకీ నీకేం కావాలే?”

ఆ నవ్వులో నా సిగ్గు ఎటు పోయిందో, పోటీ సంగతంతా గడగడా చెప్పేశాను.

“వస్తుందంటావా, రాదంటావా?”

“రాదనే అంటానమ్మా. నీ కడుపున పుట్టిన నాకే నీ ఊఁ తెలియలేదు, దానికెలా తెలుస్తుంది?”

“అక్కడా ఇలాగే గట్టిగా చెప్పు. వెళ్లిరా.”

“నా పేరు మాత్రం ఎత్తొద్దను వదినా” అన్నాడు బాబాయి.