తేటపరచిన శాసనం

బుగ్గారం దిక్కున్న మా గుట్టను క్వారీకి ఇస్తారన్న మాట బయటికి వచ్చినప్పటి నుంచి నేను జగిత్యాల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. గుట్ట పోతే దాని కింది ఈతవనం పోతుంది. మా గౌడోళ్లకు కల్లుకు చెట్లు గీయడం తప్ప వేరే ఆధారం లేదు. ఆఫీసుల్లో ఎవరూ తలెత్తి చూడలేదు. ఆఖరికి ఒక బంట్రోతు చెప్పాడు, గుట్ట మీద పాత శాసనం ఏదైనా ఉంటే తవ్వడం ఆగొచ్చని. ఉంది. పైన మైసమ్మ పక్కన నిలువు రాయి, దాని మీద అరిగిపోయిన అక్షరాలు. మా తాతలే చదవలేదు. ఆరో తరగతితో బడి మానేసిన నాకెక్కడ వస్తుంది?

శాసనాలు చదివే ప్రభాకర్ రావు సార్ రిటైరైన లెక్చరర్. ఆయన ఇంట్లో గోడ నిండా పుస్తకాలు, గుట్టల మ్యాపులు. శాసనాల పుస్తకం తిరగేసి మా గుట్ట అందులో లేదన్నాడు. తాను చూసి రాస్తే వచ్చే పుస్తకంలో ఎక్కుతుందట. మోకాళ్ల నొప్పులని ఒకసారి, మనవరాలి పెళ్లని ఇంకోసారి వాయిదా వేశాడు. తరవాత ఎండలన్నాడు. నేను తిరుగుతూనే ఉన్నాను.

చివరికి వచ్చాడు. మా అన్న మొగిలయ్య ముందు నడుస్తూ దారిలో ముళ్లకంప తీసేస్తున్నాడు. సార్ వాళ్ల తాత మా ఊళ్లకు దొర. ఆ భయం మా అన్నకు ఇంకా పోలేదు, మాటిమాటికి దొరా అంటున్నాడు. సార్ మొదట వద్దన్నాడు, తరవాత ఊరుకున్నాడు.

రాయి దగ్గరికి పోగానే నా కాళ్లు ఆగిపోయాయి. పసుపు, నూనె కడిగేసి ఉన్నాయి. అక్షరాలు వేలు దూరేంత లోతుగా, తెల్లగా ఉన్నాయి.

"కోరుట్ల ఏసయ్యతోని కొట్టిపిచ్చిన దొరా," అన్నాడు అన్న. "రోళ్లకు గంట్లు పెట్టెటోడు. మీ కండ్లు గుంజొద్దని, పాత గీతల మీదనే తేటగ కొట్టుమన్న."

సార్ రాయి ముందు చతికిలబడ్డాడు. అచ్చు తీయడానికి తెచ్చిన కాగితం చుట్ట విప్పనే లేదు.

"పాత గీత ఏది, మీ ఏసయ్య గీత ఏది, నేనెట్ల చెప్పాలె మొగిలయ్యా? కొట్టకముందు తీసిన ఫోటో ఉన్నదా?"

ఊళ్లో ఫోన్లున్న వాళ్లందరికీ అక్కడి నుంచే ఫోన్ చేసి అడిగాను. బోనాల నాడు దిగిన ఫోటోలు వచ్చాయి. అన్నింట్లో మనుషుల మొహాలే, వెనక రాయి పసుపు ముద్ద. అన్న ఇంకా అర్థం చేసుకోలేదు. ఎండలో కూర్చొని ఏసయ్య ఎంత ఓపికగా కొట్టాడో చెబుతూనే ఉన్నాడు.

నేను సార్‌ను పక్కకు పిలిచి ఇప్పుడేం రాస్తారని అడిగాను. ఉన్నదే రాస్తానన్నాడు, రాయి ఉంది, అక్షరాలు ఈ మధ్య కొట్టినవి అని. క్వారీవాళ్లకు ఆ ముక్క చాలు. తవ్వకం ఆపడానికి దొంగ శాసనం చెక్కించారని అన్నను, ఏసయ్యను పోలీస్ స్టేషన్‌కు లాగుతారు. గుట్ట ఎలాగూ దక్కదు.

"రాయకుండ్రి సారూ," అన్నాను.

"మరి ఇన్ని దినాలు నా ఎంట ఎందుకు తిరిగినవయ్యా?"

"తిరిగిన. ఇప్పుడు వద్దంటున్న. మీరు గీడికి రానే లేదనుకోండ్రి."

ఆయన నా మొహం చూసి, విప్పని కాగితం చుట్టను చంకలో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు మోకాలు పట్టేస్తే నా భుజం మీద చెయ్యి వేశాడు. దొర చదవకుండానే పోతున్నాడేందని అన్న వెనక నుంచి అడుగుతున్నాడు. కిందికి దిగినాక చెప్త, నడువన్నాను.