భర్త పేరు గడి

సింకులో గిన్నెలు తోముతుంటే వెనక నుంచి "బాగాలేదు" అని వినిపించింది. తిరిగి చూడలేదు. అత్తయ్య పోయి ఏడాదైంది. బతికున్నన్నాళ్లూ కంచం పక్కకు నెట్టి ఆ ఒక్క మాటే అనేది. ఉప్పా, కారమా, నా మొహమా, ఏది బాగాలేదో చెప్పేది కాదు. మళ్లీ వండేదాన్ని. మళ్లీ నెట్టేది. మా ఆయన పేపరు దించకుండా, "నిన్నిక్కడ ఎవరేమన్నారు?" అనేవాడు. మనిషి పోయింది, మాట పోలేదు. నేను నోరు తెరవకముందే గొంతులో కూర్చుని నా మాటని వెనక్కి తోసేస్తుంది.

ఉద్యోగం చేసే ఆడవాళ్ల హాస్టల్‌కి ఆన్‌లైన్ దరఖాస్తు పేజీ మా ఆఫీసే చేసింది. కనబడే పేజీ పని నాది, వెనక దరఖాస్తులు తీసుకునే సర్వర్ పని మా టీమ్ లీడర్‌ది. ఆ హాస్టల్లో గది నాకూ కావాలి. ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు ఒక నర్సు మా ఆఫీసుకి ఫోన్ చేసింది.

"అమ్మా, పొద్దుట్నుంచి నింపుతూనే ఉన్నాను. 'వివరాలు సరిగా లేవు' అంటుంది. ఏ వివరమో చెప్పి చావదు. నా పుట్టిన తేదీయే తప్పేమోనని సర్టిఫికెట్ తీసి చూసుకున్నాను."

"భర్త పేరు రాశారా?"

"రాయకపోయినా పర్లేదనేగా ఉంది? వాడి పేరు రాసేదాన్నయితే వాడి దగ్గరే ఉండేదాన్ని."

ఆ గడి పక్కన, తప్పకుండా నింపాలని చెప్పే ఎర్ర చుక్క పోయిన నెల నేనే తీసేశాను. ఖాళీగా వదిలినా పేజీ ఆపదు. తర్వాత సర్వర్ ఇంకోసారి చూస్తుంది. చూడాలి కూడా, పేజీని ఏమార్చడం తెలిసినవాళ్లకి చిటికెలో పని. కానీ అక్కడ భర్త పేరు ఉండాలన్న పాత షరతు అలాగే ఉంది. గుమ్మంలో రమ్మని నట్టింట్లో పొమ్మనడం.

లీడర్‌కి చెప్పాను.

"చుక్క తీశాం కదండీ, ఇంకేం కావాలి?"

"లోపల సర్వర్లో షరతు కూడా తీయాలి."

"మగాడి పేరు లేకపోతే రేపు ఏదైనా అయితే ఎవర్ని అడుగుతారు?"

"ఆవిడనే."

నవ్వాడు. "ఇంట్లో కూడా ఇలాగే వాదిస్తారా?"

ఏసీ చప్పుడులోంచి "బాగాలేదు" అని వినిపించింది. క్షమించండి అనేసి సీటుకి పోదామనిపించింది. పోలేదు.

"ఫోన్ నంబరు చూడండి, తేదీ చూడండి, చెత్త పంపితే ఆపండి. ఏది తప్పో చెప్పి ఆపండి. ఈ షరతు మాత్రం మీరు తీయకపోతే నన్ను తీయనివ్వండి."

"మీ ఇష్టం. ఏదైనా వస్తే మాత్రం నాకు సంబంధం లేదు" అని లేచి తన కుర్చీ నాకు వదిలాడు.

తీసేశాను. నర్సుకి ఫోన్ చేసి మళ్లీ పంపమన్నాను. "వెళ్లింది!" అంది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. ఫోన్ పెట్టేసి అదే పేజీ తెరిచి నా పేరు రాశాను. కింది గడి వదిలేశాను.

హాస్టల్ నుంచి జవాబొచ్చిన సాయంత్రం మా ఆయన నేను సర్దిన పెట్టె వంక చూసి, "నాకు తెలియకుండా నీకు గది ఎవరిచ్చారు?" అన్నాడు.

"మీ పేరు అడగనివాళ్లు" అన్నాను.