బాగున్న ఇస్త్రీ పెట్టె

ఇలా దగ్గరికి జరగండే పిల్లలూ. ఆ ఫోన్లు కాసేపు బోర్లించండి, వాటికీ కాస్త ఊపిరాడుతుంది. ఇందాక మీలో మీరు వాదించుకుంటుంటే విన్నాను. ఎవరో ఇచ్చిన బహుమతి నచ్చలేదట, బిల్లు లేదట, కొట్టుకు తీసుకెళ్లి తిరిగిచ్చేస్తే తప్పా ఒప్పా అని. పెద్దది ఒప్పంటుంది, చిన్నది తప్పంటుంది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. రెండో తరగతితో బడి మానేసిన అమ్మమ్మకి ఇలాంటివేం తెలుస్తాయిలే అనుకుని ఉంటారు. తెలుసర్రా. ఆ పని మీద నేనూ ఒకసారి వెళ్లాను. వెళ్లి ఏం తెచ్చుకున్నానో చెబుతాను, వినండి.

అప్పట్లో మా వీధి మొదట్లో ఇస్త్రీ చేసే ముసలాయన ఉండేవాడు. చూపు ఆనక పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇక మా ఇంట్లో అన్నదమ్ముల చొక్కాలు గోనెసంచుల్లా తయారయ్యాయి. మా ఆయన ఆఫీసులో గుమాస్తా. మరిది మందుల కంపెనీ ఏజెంటు, మెడకి టై లేనిదే గడప దాటడు. "ఇంకో మనిషిని చూడాలి" అని రోజూ ఎవరో ఒకరు అనేవారు. చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఇంతలో మా పెళ్లిరోజు వచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన చంకలో ఒక అట్టపెట్టెతో వచ్చి, అందరినీ ముందుగదిలోకి పిలిచి, "ఇదిగో, నీకే" అని నా చేతిలో పెట్టాడు.

ఊహ తెలిశాక "నీకే" అంటూ ఒక వస్తువు నా చేతికి రావడం అదే మొదలు. పై కాగితం చిరగకుండా గోటితో మెల్లగా విప్పుతున్నాను. లోపలున్నది చూసి మరిది, "వదినా! స్త్రీకి ఇస్త్రీ పెట్టె! అన్నయ్య కవిత్వం చూశావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు. అత్తగారు పెట్టెని తడిమి చూసి, "అదృష్టవంతురాలివే. మీ మామగారు చాటెడు మాటలు చెప్పారు కానీ చెంచా అయినా కొనిపెట్టి ఎరగరు" అంది. నేనింకా కాగితం మడత పెట్టనేలేదు, మరిది తన చొక్కాలు తెచ్చి మంచం మీద పోశాడు. వాటి మీద మా ఆయన ప్యాంట్లు వచ్చి పడ్డాయి. "ఇప్పుడే కాదులే, తీరికున్నప్పుడు చేద్దువుగాని" అన్నాడు మా ఆయన, ఎంతో దయగా.

తీరిక! ఆ ఇంట్లో నా తీరిక ఎక్కడుందో నాకు తప్ప అందరికీ తెలుసు. పొయ్యి మీద పాలు కాగేలోపు అది నా తీరిక. అంట్లు ఆరేలోపు అది నా తీరిక. నేను కూర్చుని అన్నం తింటుంటే, కూర్చున్నాను కాబట్టి అదీ తీరికే. ఆ ముసలాయన చేసినన్నాళ్లూ ఇస్త్రీ ఒక పని, దానికి కూలి ఉండేది. నా చేతికి రాగానే అది నాకు బహుమతి అయిపోయింది. పోనీ, వద్దు అని ఒక్క మాట అనొచ్చుగా అంటారు మీరు. ఆ ఇంట్లో వద్దు అనే మాటకి సాక్ష్యం కావాలర్రా. ఇంకో ముద్ద వద్దంటే, "ఏం, ఉప్పెక్కువైందా?" ఆ చీర వద్దంటే, "ఏం, చిరిగిందా?" పక్కింటి పేరంటానికి రానంటే, "ఏం, ఒంట్లో బాగాలేదా?" వస్తువులోనైనా లోపం ఉండాలి, నాలోనైనా లోపం ఉండాలి. రెండూ బాగున్నాయి కానీ వద్దు అంటే మాత్రం అది పొగరు. అందుకే కాసేపు నడుం వాల్చాలంటే తలనొప్పి అని చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా అది నిజంగానే రావడం మొదలుపెట్టింది.

మర్నాడు మగవాళ్లు పనులకి వెళ్లాక పెట్టెని సంచిలో పెట్టుకుని బయల్దేరాను. ప్లగ్గులో పెట్టలేదు. ఒక్కసారి నా చేతిలో వేడెక్కిందంటే ఇక నా ఆయుష్షున్నంత కాలం చల్లారదని నాకు తెలుసు. అట్టమీద కొట్టు ముద్ర ఉంది, కూడబలుక్కుని చదువుకున్నాను. వెళ్లి చూస్తే పేద్ద కొట్టు, అద్దాల తలుపులు. ఎవరూ లేని చోట కూడా ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"బిల్లుందా అమ్మా?" అని అడిగింది బల్ల దగ్గరున్న అమ్మాయి.

"లేదమ్మా. ఇది నాకు మా ఆయన ఇచ్చారు."

"లోపం ఏంటి?"

"లోపమేం లేదు."

"మరెందుకు తెచ్చారు?"

నా వెనక నిలబడ్డ ఒకాయన పక్కవాడితో, "బిల్లు లేదట. ఎవరింట్లోంచి లేపుకొచ్చిందో" అన్నాడు, నాకు వినబడేటట్టే. చెవులు మండిపోయాయి. సంచి తీసుకుని వచ్చేద్దామనుకున్నాను. ఆ అమ్మాయికి జాలేసిందేమో, బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. "అమ్మా, వేడెక్కట్లేదని చెప్పండి. ముద్ర మాదే కాబట్టి, పాడైందంటే బిల్లు లేకపోయినా సారు వెనక్కి తీసుకుంటారు. వెనక్కొచ్చినవాటిని మళ్లీ పెట్టి చూసేవాళ్లెవరూ లేరు, పక్కన పడేస్తారంతే."

ఎంత తేలిక! తలనొప్పి అన్నంత తేలిక. నోరు తెరవబోయి, ముద్ర పక్కన పెన్నుతో గీసిన చిన్న గీత చూశాను. "ఇదేంటమ్మా?" అన్నాను. "అది అక్క పెడుతుంది, వస్తువు పనిచేస్తోందో లేదో చూసి" అంటూ గడ్డంతో మూలకి చూపించింది. మూలన ఎత్తుపీట మీద ఒక బక్కపల్చటి మనిషి. ఒక్కో పెట్టెని ప్లగ్గులో పెట్టి, అరచెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూసి, గీత గీసి పక్కన పెడుతోంది.

"పాడైంది అంటే మరి ఆవిణ్ణి ఏమీ అనరా?"

"అంటారు. జీతంలో కోస్తారు. అక్కకి అలవాటేలెండి."

అలవాటే! నన్ను గురించి మా ఇంటికొచ్చిన చుట్టాలతో అత్తగారు అనే మాట అది. ఆ మనిషి తలెత్తి నన్ను చూసి, కొనడానికొచ్చిన దాన్ననుకుని కాబోలు, చిన్నగా నవ్వి మళ్లీ పనిలో పడింది. నాలుక చివరిదాకా వచ్చిన అబద్ధం అక్కడే ఆగిపోయింది. నా వద్దుకి సాక్ష్యం కావాలని ఆవిడ గీతని ఎలా చెరపను?

"పాడవలేదమ్మా. బాగానే ఉంది. నాకే వద్దు" అన్నాను.

ఆ అమ్మాయికి నేనేదో పరాయి భాషలో మాట్లాడినట్టుంది, వెళ్లి సారుని పిలుచుకొచ్చింది. ఆయన కసురుకునే మనిషి కాదు. నిదానంగానే చెప్పాడు. "చూడమ్మా, బిల్లు ఎవరి దగ్గరుంటే వస్తువు వాళ్లది. రేపు మీ ఆయన బిల్లు పట్టుకొచ్చి నా పెట్టె ఏది అంటే నేనేం చెప్పను?"

"నాకే అని ఇచ్చారండీ. అందరి ముందూ ఇచ్చారు."

"అందరి ముందూ ఇస్తే సరిపోదమ్మా. బిల్లు కూడా ఇవ్వాలి."

ఎండలో పెట్టె మోసుకుంటూ ఇంటికి నడిచాను. మొదట్లో ఏడుపొచ్చింది. నడుస్తూ ఆ మాటనే నమిలాను. నమిలేకొద్దీ అందులోంచి రసం ఊరింది. బిల్లు మా ఆయన పర్సులో ఉంది. "నువ్వు పారేస్తావు, గ్యారంటీకి కావాలి" అని ఇవ్వలేదు. కొట్టాయన చెప్పింది అక్షరాలా నిజం. అది ఏనాడూ నాది కాదు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి పెట్టె ఆయన కుర్చీలో ఉంది.

"ఇంకా వాడలేదా? ఏం, పాడైందా?"

"లేదండీ. బాగానే ఉంది. బిల్లు ఎవరి దగ్గరుంటే వస్తువు వాళ్లదట, కొట్టాయన చెప్పాడు. ఇది మీది. నాకు వద్దు."

"కొట్టుకి వెళ్లావా! నా పరువు బజారుకెక్కించావా! అసలు నీకేం లోటు చేశానే? తాగొచ్చానా? చెయ్యి చేసుకున్నానా?"

"లోటేం చెయ్యలేదు. నాకు వద్దు."

"ఊరుకో అన్నయ్యా, వదిన ఇవాళ ఫుల్ హీట్‌లో ఉంది" అన్నాడు మరిది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అక్కడితో గెలిచాననుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. మా ఆయన నాతో మాటలు మానేశాడు. పెట్టింది తిని, కంచం కాస్త గట్టిగా జరిపి లేచిపోయేవాడు. ఒకరోజు పొద్దున్నే వేడి బట్ట వాసన వచ్చి వెళ్లి చూస్తే, అత్తగారు బల్ల మీదికి వంగి కొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తోంది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూడకుండానే, "బిడ్డ నలిగిన గుడ్డలతో వెళ్తుంటే నాకు ముద్ద దిగడం లేదు" అంది. నేను దించిన బరువు నేల మీద పడలేదర్రా, ఆవిడ భుజం మీద పడింది. అది చూడటం ఇస్త్రీ చేయడం కంటే కష్టం. రోజూ దగ్గరికి వెళ్లి, చెయ్యి చాచబోయి, వెనక్కి వచ్చేదాన్ని. తీసుకుంటే నేను పోయేదాకా నాది. తీసుకోకపోతే ఆవిడ పోయేదాకా ఆవిడది. పక్కింటావిడ గోడ మీద నుంచి, "ముసలమ్మ చేత చాకిరీ చేయిస్తోంది మహాతల్లి" అంది. కొడుకులు చేయిస్తున్నారని అనడానికి ఆవిడకి నోరు రాలేదు. కొడుకులా, చొక్కా మడత చూసుకున్నారు, మడత పెట్టిన చేతిని చూడలేదు.

ఒకనాడు ఆ చెయ్యి జారింది. అరుపు విని పరిగెత్తాను. మణికట్టు మీద తోలు ఎర్రగా లేచిపోయి ఉంది. గిన్నెతో చన్నీళ్లు తెచ్చి చెయ్యి అందులో పెట్టించాను. లోపలి గది నుంచి మా ఆయన, "అమ్మా, నీలం చొక్కా అయిందా?" అంటూ వచ్చాడు.

ఆవిడ రెండో చేత్తో ప్లగ్గు లాగేసింది.

"నాకూ వద్దురా" అంది.

"ఏమైంది? పాడైందా?"

"పాడవలేదు. బాగానే ఉంది. నాకు వద్దు."

ఆయన ముందు నా వంక చూశాడు, నేనే నేర్పించానన్నట్టు. నేను నేర్పలేదు. నాకే అప్పుడప్పుడే వస్తోంది ఆ మాట. నలిగిన చొక్కానే తొడుక్కుని వెళ్లిపోయాడు. తర్వాత మగవాళ్లిద్దరూ పక్క వీధిలో ఇస్త్రీ చేసే మనిషిని వెతుక్కున్నారు. అంతకుముందు దొరకనివాడు ఆ వారంలోనే దొరికాడు.

వంటింట్లో నేను మందు రాస్తుంటే అత్తగారు, "తప్పుగా మాట్లాడానా? వాడికి కోపం వచ్చిందేమో? సాయంత్రం తింటాడంటావా?" అని అడిగిందే అడిగింది. నెత్తిన ఒక్క నల్ల వెంట్రుక లేదు ఆవిడకి. ఆ మాట అనడానికి అంత వయసు పట్టింది, అన్నాక భయపడటానికి క్షణం పట్టలేదు. కాదత్తయ్యా, తప్పు కాదు అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ నమ్మలేదు. నమ్మకుండానే పోయింది.

తప్పా ఒప్పా అన్నారు కదా, కొట్ల సంగతి నాకు తెలియదు. ఈ కథ మాత్రం గుర్తుంచుకుని మీ పిల్లలకి చెప్పండి. వాళ్లు తప్పకుండా అడుగుతారు, ఆ పెట్టె పాడైందా, ఆయన చెడ్డవాడా అని. కథ రక్తి కట్టడానికి ఏదో ఒక లోపం కల్పించాలని మీకూ అనిపిస్తుంది. కల్పించకండి. పెట్టె బాగానే ఉంది, మనిషీ బాగానే ఉన్నాడు, ఆ ఇద్దరు ఆడవాళ్లకీ వద్దు అని చెప్పండి. చెప్పి, ఊరుకోండి.