ఆగిన లెక్కకు చెప్పిన మాట

ఆబిడ్స్‌లోని ఆ పాత భవనం రెండో అంతస్తులో పెద్ద కంప్యూటర్ల గది సౌభాగ్య చేతిలో ఉంటుంది. ఆ కంప్యూటర్ల మీద రోజుల తరబడి నడిచే లెక్కలకు సంకేతాలు పంపడం ఆమె పని. ఆగు, మళ్లీ సాగు, అంతా సర్దుకొని వెళ్లు. ఇంకొకటుంది, చెప్పాపెట్టకుండా చంపేసేది. అది ఆమెకు నచ్చదు.

ఆ రోజు మూడింటికి వైరింగ్ మార్చడానికి కరెంటు తీసేస్తారు. సర్దుకొని వెళ్లమని ఆమె పంపిన మాట విని లెక్కలన్నీ తమ పని దాచుకొని వెళ్లిపోయాయి. పక్కనే నిలబడి చూస్తున్న మృదులది మాత్రం కదల్లేదు. వాన పడితే నాంపల్లి గల్లీల నీళ్లు ఎటు పోతాయో తేల్చే లెక్క అది, పదకొండు రోజులుగా నడుస్తోంది. సోమవారం ఆమె రిపోర్టు ఇవ్వాలి. దాచుకోకుండా పోతే మళ్లీ మొదటి నుంచే.

"మేడం, ఇంక పది నిమిషాలే," అన్నాడు స్విచ్‌బోర్డు దగ్గర నిలబడ్డ సాయన్న. "అదొక్కటి పోతే పోనియ్యరాదు?"

"నీ స్కూటర్ పోతే పోనిస్తవా?"

"నా స్కూటర్ ఎన్నడన్న పదకొండు రోజులు ఆగకుంట నడిచిందా మేడం?"

"చంపేయండి ఆంటీ, ఏం చేస్తం," అంది మృదుల మెల్లగా.

"జర ఆగమ్మా."

సౌభాగ్య తెర మీద ఆ లెక్క పేరున్న వరుసను నిదానంగా చదివింది. అది ఆగి ఉంది. పొద్దున ఖైరతాబాద్ ఆఫీసు నుంచి తొందర పని వస్తే చోటు కోసం తనే ఆపింది. ఆ పని అయిపోయాక దీన్ని సాగమనడం మరిచిపోయింది. ఆగిన లెక్కకు ముందు సాగమని చెప్పాలి, అప్పటిదాకా సర్దుకోమన్నా అందదు. చెప్పినదంతా గడప దగ్గరే ఎదురుచూస్తుంది.

"తప్పు నాదే. పండుకున్నదానికి ఇంతసేపు చెప్తున్న."

స్క్రీనుకు దండం పెట్టి, సాగమని పంపింది. లెక్క లేచింది, గడప దగ్గరి మాట అందుకుంది, సర్దుకోసాగింది. ఆమె కేశవ నామాలు మొదలుపెట్టింది. దేవుడు చెప్పేవి కూడా ఇట్లాగే మన గడప దగ్గర ఆగిపోతాయా? అయితే ముందు లేపేదెవరు? నామాలు రెండోసారి పూర్తయ్యేసరికి ఆ వరుస తెర మీద నుంచి మాయమైంది.

మృదుల ఫైలు తెరిచి కిందదాకా చూసింది. "పొద్దున మీరు ఆపినదాంక మొత్తం ఉంది ఆంటీ."

"ఉంటది. నువ్వు ప్రోగ్రాం మంచిగనే రాసినవు, నేనే లేపలే." సౌభాగ్య కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "ఇగ తీయి సాయన్నా."