బొట్టుగుడ్డ

గల్ఫులో, నయీమ్ పేటలో మా గదిలో ఎనిమిదిమందిమి. శుక్రవారం శుక్రవారం వంతులేసుకుని కక్కసు కడగాలి. నాకు మాత్రం నాలుగేళ్లపాటు వంతు రాలేదు. నేను స్వామిని కదా. అయిదో తరగతి తప్పి, సీఫ్‌లో ఓ కంపెనీ సైటాఫీసులో టీలు కాచే అచ్చిబాబుని స్వామిని చేసింది మా తాత తెచ్చిన గుడ్డ.

తెల్ల పట్టుగుడ్డ. నడిమధ్య పళ్లెమంత ఎర్రబొట్టు. చుట్టూ సిరాతో మంత్రాలు. రంగూన్ రేవులో మూటలు మోసిన తాతకి, యుద్ధం ముగిసిన ఏడు ఎవరో సాధువు ఇచ్చాడని మా ఇంట్లో చెప్పేవారు. కాకినాడ నుంచి తెచ్చి దేవుడి పటాల పక్కన కట్టాను. వీసా రెన్యువల్ ఉన్నవాడల్లా దాని ముందు అగరొత్తి వెలిగించేవాడు. పనైతే గుడ్డ మహిమ, కాకపోతే వాడి పాపం.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తొంభై అయిదులో మా ఆఫీసుకి ఇనబా అనే జపాను ఇంజనీరు వచ్చాడు. ఆయన కాగితాల మీద రాసుకునే అక్షరాలు అచ్చం మా మంత్రంలోవే. మా గదిలో గుడ్డని నమ్మనివాడు నిజామాబాద్ మేస్త్రీ గంగన్న ఒక్కడే. వాడి నోరు మూయిద్దామని ఓ శుక్రవారం ఇనబాని గదికి పిలిచాను.

ఇనబా గుమ్మంలో బూట్లు విప్పి, గుడ్డని చూసి నడుం దాకా వంగాడు. గదంతా నాకేసి చూసింది. ఆ ఒక్క నిమిషం నేను పీఠాధిపతిని.

తరవాత ఆయన తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చదవడం మొదలెట్టాడు. ఫిష్ షాప్ అన్నాడు.

“ఫిష్ అంటే చాపలే గద స్వామీ?” అన్నాడు గంగన్న.

“మత్స్యావతారం, గంగన్నా.”

టీచర్ అన్నాడు. గురువు అన్నాను. బార్బర్ అన్నాడు. తలనీలాలు అన్నాను. పోస్టాఫీస్ అనేసరికి నాకు పురాణం దొరకలేదు.

అవి మంత్రాలు కావు, ఊళ్లోవాళ్ల పేర్లు, పనులు. అది జపాను జెండా. యుద్ధానికి వెళ్లే కుర్రాడికి అదృష్టం తోడుండాలని ఊరివాళ్లంతా సంతకాలు పెట్టి ఇచ్చారట. దాన్ని చొక్కా లోపల ఒంటికి చుట్టుకునేవారట. ఎవరిచ్చారని ఇనబా అడిగాడు. సాధువు అనబోయి ఆగిపోయాను. మూలనున్న గోధుమరంగు మరకని మా అమ్మ గంధం అనేది. ఇనబా దాని దాకా వేలు పోనిచ్చి, ఆనించకుండా వెనక్కి తీసుకున్నాడు.

గుడ్డ మీద ఊరి పేరు ఉంది, ఆ కుర్రాడింట్లో ఎవరైనా మిగిలుంటే అప్పగిస్తానన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఇవ్వాలని లేదు. గదిలో సగంమంది ఇంకా చేతులు జోడించే ఉన్నారు. జపానువాడే వచ్చి మొక్కాడని చెప్పుకుంటే నేను బతికినన్నాళ్లూ కక్కసు ముట్టక్కర్లేదు. ఆ యుద్ధంలో కాకినాడ మీద బాంబులేసినవాళ్లకి నేనెందుకివ్వాలి అని ఓ సాకు కూడా వెతుక్కున్నాను.

ఇనబా అడుగున వంకరటింకరగా ఉన్న ఒక పేరు చూపించాడు. “సిస్టర్. స్మాల్,” అని, తన నడుం దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు చూపించాడు.

గుడ్డ విప్పి, మడతపెట్టి ఇచ్చేశాను.

ఆయన మెట్లు దిగాడో లేదో, గంగన్న తలుపు మీది వంతుల కాగితంలో నా పేరు రాశాడు.

“ఇయ్యాల్నే నీ వంతు, స్వామీ. బ్రష్షు లోపట్నే ఉంది.”

అచిబాబు అని రాశాడు వెధవ. పెన్ను లాక్కుని, ఒత్తు పెట్టుకుని లోపలికి వెళ్లాను.